ఒక యువకుని చలనచిత్ర విచారము

కళను గురించి మాటలాడువారు వేరు, కళను కల్పించువారు వేరు అను నభిప్రాయము మనలో చాలకాలముగా పాదుకొనియున్నది. లక్ష్యమును విడిచి లక్షణమును మాత్రమే పట్టుకొని వ్రాసిన గ్రంథములు మనకు కొల్లలుగా కలవు. తన లక్షణగ్రంథమునకు ఉదాహరణపద్యములను పరులనుండి గ్రహింపక, తానే రచించి యిచ్చిన జగన్నాథ పండితరాయలవంటి సాహసికులు అరుదు. పాఠశాలలలో అలంకారములు బోధించు మావంటివారికి ఈ సంగతి బాగుగా తెలియును. ఉపమకు లక్షణమును నిమేషములో చెప్పుదుము. క్రొత్త యుపమ నొకదానిని చెప్పుడని పిల్లలడిగినచో గోడవంక చూతుము.

చలనచిత్రములయందు ఈ భేదము మరింత పెద్దది. ఇందు లక్షణము చెప్పుటకు కాగితము చాలును. లక్ష్యము చూపుటకు లక్షలు కావలెను. అట్టి రంగమున, ముందు ఇతరుల చిత్రములలోని దోషములెన్ని, పిదప తాను నమ్మిన విధముగా ఒక చిత్రమును తీసి చూపిన యువకుని సంగతి విచారింపదగినది. ఆతడు వంగదేశీయుడైన సత్యజిత్ రాయ్.

1948లో కలకత్తా 'స్టేట్స్‌మన్' పత్రికలో ఆతడొక వ్యాసము ప్రకటించెను. భారతీయ చలనచిత్రములలోని లోపమేమి యను ప్రశ్నయే దాని శీర్షిక. అప్పటి కాతని వయస్సు 27 ఏండ్లు. శాంతినికేతనమున నందలాల్ బోసు మున్నగువారియొద్ద చిత్రలేఖనము నభ్యసించి, 1943నుండి డి. జె. కీమర్ అను ఆంగ్లేయుల ప్రకటనసంస్థలో బొమ్మలు గీయు ఉద్యోగమున నుండెను. చేరినప్పుడు నెలకు 80 రూపాయల జీతము. 1947లో కొందరు మిత్రులతో కలిసి కలకత్తాలో ఫిల్మ్ సొసైటీ యను సంఘము నొకటి స్థాపించి, విదేశముల మేలిచిత్రములను తెప్పించి చూచుచు చర్చించుచుండెను. తాత ఉపేంద్రకిశోరుడు 1913లో 'సందేశ్' అను బాలల పత్రికను స్థాపించినవాడు; తండ్రి సుకుమార్ రాయ్ పిల్లలకొరకు వ్రాసిన హాస్యకవితలు నేటికిని వంగదేశమున ఇంటింట వినబడుచుండును. వారిది బ్రాహ్మసమాజ కుటుంబము. వీరేశలింగము పంతులుగారి చరిత్ర చదివినవారికి ఆ సమాజపు గాలి యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. సంస్కరణాభిలాష ఈ యువకుని కొకరు నేర్పినది కాదు, ఇంట పుట్టినది. ఈ మాటను చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని గలదు.

ఆ వ్యాసమున ఆతడు చెప్పిన దేమి? మన చిత్రములలో కదలిక యనగా పాత్రలు పరుగులెత్తుటయు, కేకలు వేయుటయు ననుకొనుచున్నారనియు, కాలమునందు సాగుచు దృశ్యములచే కథ చెప్పు కళ యిది యని యెరుగకున్నారనియు ఆతని ప్రధానమైన యాక్షేపణ. అమెరికా చిత్రముల పైమెరుగు ననుకరించుట వ్యర్థము. వారి జీవితము వేరు, మన జీవితము వేరు. వెల పెట్టి కొన్న హంగులకంటె మన చూపు, మన పలుకుబడి, మన గురుతులు కావలెను. జీవితమే ఈ కళకు ముడిసరకు. ఇంత చిత్రకళకును, సంగీతమునకును, కవిత్వమునకును ప్రేరణ యిచ్చిన దేశము చలనచిత్రకారుని మాత్రము కదలింపకుండునా? ఆతడు కన్నులు, చెవులు తెరచుకొన్న చాలును. ఇది స్థూలముగా ఆ వ్యాసతాత్పర్యము.

వ్యాసము చక్కనిది. వాక్యములు పొందికగా నున్నవి, వాదము సూటియైనది. అయినను ఇంతవరకు చెప్పుటకు మంచి చదువును, కొంత కోపమును ఉన్న చాలుననియు మాకు తోచుచున్నది. ముఖ్యముగా ఆ తుదిమాట, కన్నులు తెరచుకొన్న చాలునన్నది, పని చేసిన చేతి మాట కాదు. ఇంకను పని చేయని చేతి మాట. దానిని సరిదిద్దినవా డింకొకడు కాడు. నాలుగేండ్ల పిదప, కెమెరా వెనుక నిలిచి, ఆతడే సరిదిద్దుకొనెను. మేము ఈ వ్యాసమును ఆతని తొలి చిత్రముతో చేర్చి చదువుమనుట ఇందుకే.

ఈలోగా ఆతడు చేసిన సాధనను గూర్చి రెండు మాటలు. ఏదైన నవల చలనచిత్రముగా రానున్నదని ప్రకటన వెలువడగానే, ఆ కథను తాను తీసినచో ఎట్లు తీయునో ముందుగా వ్రాసికొనును. చిత్రము వచ్చిన పిదప పోయి చూచి, రెంటిని సరిపోల్చుకొనును. గురువు లేని విద్యకు ఇంతకంటె మేలైన యభ్యాసము మాకు తోచదు. కవిత్వ మభ్యసించువాడు సమస్య నిచ్చిన తోడనే తన పూరణము వ్రాసి దాచుకొని, పిదప మహాకవి పూరణము వినినట్లు. ఇంకొకటి: రవీంద్రుని 'ఘరే బైరే' నవలను చిత్రముగా తీయుటకై మిత్రుడు హరిసాధన దాస్‌గుప్తతో కలిసి ఆ దినములలోనే సన్నాహము చేసెను. నిర్మాత మార్పులు కోరగా రాయ్ అంగీకరింపలేదు, పని చెడినది. చాల యేండ్లకు ఆ పాత ప్రతిని తీసి చదివికొని, ఆ చిత్రము రాకపోవుటయే మేలైనదని సంతోషించెనట. అమెరికా చిత్రముల వాసన దానినిండ నుండెను. అమెరికా యనుకరణమును ఖండించుచు వ్యాసము వ్రాసిన కాలమున, వ్రాసినవాని సొంత సంచికలో నున్న ప్రతికి ఆ దోషమే పట్టియుండుట గమనింపుడు. దోషము తెలియుట వేరు, దోషమును వదలించుకొనుట వేరు. తుదకు ఆ నవలను ఆతడు 1984లో తెర కెక్కించెను.

1949లో ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ 'ది రివర్' చిత్రమునకు తగిన తావులు వెదకుచు కలకత్తాకు వచ్చినప్పుడు, సెలవుదినములలో ఆయన వెంట తిరిగెను. 1950లో ఉద్యోగము పనిమీద లండనుకు పోయి, అచ్చట నున్న కొన్ని నెలలలో నూటికి ఒకటి తక్కువగా చిత్రములు చూచెనని ప్రసిద్ధి. అందొకటి ఇటలీ దేశస్థుడైన డి సీకా తీసిన 'బైసికిల్ థీవ్స్'. వృత్తినటులు కానివారితో, వీధులలో, పేదవాని సైకిలు పోయిన కథను ఆ చిత్రమున చూచి, తానును ఇట్లే తీయవలెనని నిశ్చయించుకొని, తిరుగు ఓడలోనే తన చిత్రమునకు రూపురేఖలు వ్రాయ మొదలిడెను.

ఎన్నుకొన్నది విభూతిభూషణ బంద్యోపాధ్యాయుని 'పథేర్ పాంచాలి', 1929లో పుస్తకముగా వెలువడిన నవల. మద్దిపట్ల సూరిగారి యనువాదమున తెలుగువారును దానిని చదివియున్నారు. నిశ్చిందిపురమను పల్లెలో హరిహరుడను పేద పురోహితుడు, భార్య సర్వజయ, పిల్లలు దుర్గ, అపు, దిక్కులేని ముదుసలి యింది ఠాకురాణి, వీరి కథ. దాని బాలసంస్కరణకు రాయ్ లోగడ బొమ్మలు వేసియుండెను. అందుచేతనే కాబోలు, చిత్రమునకు పూర్తి వ్రాతప్రతి లేకుండ, దృశ్యములను వరుసగా సిరాతో గీసిన బొమ్మల పుస్తకము నొకదానిని చేతబట్టుకొని నిర్మాతల గడపలు త్రొక్కెను. ఎవరును ముందుకు రాలేదు.

పిమ్మట జరిగినది గృహస్థులకు భయము పుట్టించునట్టిది. ఆతడు జీవితభీమా పత్రమును కుదువబెట్టెను; పుస్తకములను, గ్రామఫోను రికార్డులను అమ్మెను; భార్య బిజోయా నగలు తాకట్టునకు పోయినవి. ఉద్యోగము మానలేదు, ఆదివారములును, సెలవులును మాత్రమే చిత్రము పని. ఈ కథను చెప్పువారు సామాన్యముగా ఆతని ధైర్యమును కొనియాడి యూరకుందురు. మాకు మాత్రము ఆ నగల సంగతియే మనస్సునకు పట్టినది. కళాకారుల చరిత్రలలో స్త్రీ నగలకు ఒక పంక్తి దక్కును. ఆ పంక్తి కొనకు విరామచిహ్నము, అంతటితో సరి. చిత్రము విఫలమై యుండినచో మనమా పంక్తినే వేరువిధముగా చదివియుందుము. ఇది రాయ్‌ను నిందించుట కాదు. విజయగాథను చదువునప్పుడు పందెమున నొడ్డిన సొమ్ము ఎవరిదో చూచుకొనుమనుట.

1952 అక్టోబరు 27న చిత్రణ మొదలైనది. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర 21 ఏండ్లవాడు. అంతకుముందు చలనచిత్రపు కెమెరాను నడిపినవాడు కాడు. రెల్లుపూల బయలులో అపు, దుర్గ రైలును చూచు ఘట్టమది. మొదటి దినమున కొంత తీసి, మరుసటి వారము తిరిగి పోవునప్పటికి, తెల్లగా నూగుచుండిన రెల్లు మాయమైయుండెను. పశువులు మేసిపోయినవి! తిరిగి పూచువరకు ఏడాది వేచియుండవలసి వచ్చెను. బొమ్మల పుస్తకములో గీసిన రెల్లును ఏ పశువును మేయదు. పల్లెలోని రెల్లును మేయును.

ఆ దినముననే ఇంకొక పాఠము. అపు వేషము ధరించిన బాలుడు అక్కను వెదకుచు రెల్లులో నడువవలెను. నడువుమనగా వాడు బడిలో కవాతు చేయువానివలె తిన్నగా నడచెను. దర్శకుడప్పుడు దారిలో చిన్న చిన్న పుల్లలు పరచి, ఒకరిద్దరిని రెల్లుచాటున దాచి, అటు నొకరు ఇటు నొకరు పిలుచునట్లు చేసెను. పిల్లవాడు ఆగెను, తల త్రిప్పెను, పుల్లను దాటెను, మరల కదలెను. మనము చిత్రమున చూచు తడబాటు అది. తానెరిగినది నగరమేగాని పల్లె కాదనియు, విభూతిభూషణుని నవలయే తనకు నిఘంటువైనదనియు, పని చేయుచునే పల్లెను తెలిసికొంటిననియు రాయ్ తరువాత వ్రాసికొన్న వ్యాసములలో చెప్పియున్నాడు. 1948నాటి వాక్యమును ఇచ్చట జ్ఞప్తికి దెచ్చుకొనుడు. కన్నులు తెరచియే యున్నవి, చాలలేదు. పుల్లలు పరువవలసి వచ్చెను.

సొమ్ము తీరిపోయి పని నెలలతరబడి నిలిచిపోయెను. ఆ యాలస్యములో మూడు అద్భుతములు తన్ను కాపాడినవని ఆతడు చెప్పుచుండెడివాడు: అపు గొంతు మారలేదు, దుర్గ పెద్దపిల్ల కాలేదు, ముసలమ్మ చనిపోలేదు. ఆ ముసలమ్మ చునీబాలాదేవి, ఒకనాటి రంగస్థలనటి, సుమారు 80 ఏండ్లది. దినమునకు 20 రూపాయలకు వచ్చి పనిచేసి, చిత్రము ప్రజలయెదుటికి రాకముందే గతించినది.

ఇక మా పత్రికను చదువువారికి ముఖ్యమైన ఘట్టము. డబ్బు దొరకక చిత్రము మూలబడియుండగా, తెలిసినవారి సహాయమున సంగతి పశ్చిమవంగ ముఖ్యమంత్రి డాక్టరు బిధాన్ చంద్ర రాయ్ చెవిని బడెను. ప్రభుత్వము సొమ్ము నిచ్చుటకు ఒప్పుకొనెను. గ్రామోద్ధరణమును గూర్చిన చిత్రమని వా రనుకొనిరట. పేరులో పథమున్నది గనుక లెక్కలలో రోడ్ల యభివృద్ధి పద్దు క్రింద వ్రాసిరి. నవ్వు వచ్చును గాని ఆ పద్దు లేకున్న ఈ చిత్రము లేదు. అయితే ప్రభుత్వమువారికి తుదిఘట్టము రుచింపలేదు. కుమార్తెను పోగొట్టుకొన్న కుటుంబము ఇల్లు విడిచి ఎడ్లబండి యెక్కి కాశికి పోవుట యేల? ఊరిలోనే నిలిచి గ్రామాభివృద్ధి పథకములో పాల్గొనినట్లు ముగింపరాదా? ఇది వారి కోరిక. రాయ్ మార్చలేదు.

మనము నిజము చెప్పుకొందము. ఆ యధికారులను చూచి నవ్వుట సులభము. కాని వారడిగినది మన మడుగునదియే. సంస్కరణపక్షమున నిలిచి వ్రాయు మావంటివారము ఏ కథ చదివినను, దీనివలన బోధపడు నీతి యేమి, దారి యేమి యని యడుగుదుము. మన 'మాలపిల్ల' చిత్రమును చూడుడు. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు చలముగారి కథతో తీసిన ఆ చిత్రము అస్పృశ్యతను ఎదుట నిలిపి ఖండించినది. దానివలన నాడు కలిగిన మేలును మేము తక్కువ చేయము. తెరమీద ఒక మాట సూటిగా అనవలసిన కాలము లుండును. అట్టి మార్గమును ఎరిగినవాడు, సంస్కర్తల యింట పుట్టినవాడు, చేతికి వచ్చిన ప్రభుత్వపు సొమ్ముతోనే సంస్కరణపు ముగింపు నేల త్రోసివేసెను?

సమాధానము చిత్రములోనే కలదు. ఇంది ఠాకురాణి ఎవరికిని అక్కరలేని ముసలి విధవ. సర్వజయ ఆమెను సూటిపోటి మాటలాడును, ఇంటినుండి పొమ్మనును. ఒకనాడు జబ్బుతో తిరిగివచ్చి, ఇచ్చట నుందునని యడిగిన వృద్ధురాలిని ఉండనీయదు. ఆమె చెంబెడు నీళ్లు త్రాగి, మిగిలిన నీటిని మొక్కకు పోసి, వెడలిపోవును. తరువాత వెదురుపొదలలో కూర్చున్నది కూర్చున్నట్లే చనిపోయి యుండగా పిల్లలు కనుగొందురు. నవలలో ఈ వృద్ధురాలు తొలిభాగముననే మరణించును; దర్శకుడామెను ఇంకను కొంతకాలము బ్రతికించి, ఆ మరణమును పిల్లల కన్నుల యెదుట నిలిపినాడు. ఇంత జరిగినను సర్వజయ రాక్షసి యని మన కనిపించదు. రేపటి బియ్యమునకు దారి లేని యిల్లాలు ఆమె. ప్రతి పిడికెడును లెక్కించుకొనునది. నటి కరుణా బెనర్జీ ముఖమున ఆ కాఠిన్యము క్రింద నున్న సిగ్గును మనము చూతుము. విధవల దుస్థితిని గూర్చి మేము చదివిన, వ్రాసిన వ్యాసములలో పెక్కింటియందు అత్తగారో, ఆడుబిడ్డయో దోషిగా నిలుచును. దోషి దొరకగానే చదువరికి నిద్ర పట్టును. ఈ చిత్రము ఆ నిద్ర పట్టనీయదు. మన యిండ్లలో ఒక మూల గదిలో నున్న పిన్నమ్మయో, మేనత్తయో వెంటనే జ్ఞప్తికి వచ్చును.

ఇట్టిదే పూసలదండ సంగతి. పొరుగువారు తమ దండను దుర్గ దొంగిలించినదని వచ్చి యరతురు. లేదని దుర్గ చెప్పును. తల్లి జుట్టు పట్టి యీడ్చి కొట్టును. దుర్గ జ్వరముతో వాననాటి రాత్రి చనిపోయిన పిదప, ఊరు విడుచుటకు సామానులు సర్దుచుండగా ఆ దండ అపు చేతికి దొరకును. వాడెవ్వరితోను చెప్పక, పరుగెత్తుకొని పోయి చెరువులో విసరివేయును. నీటిమీది నాచు చీలి, మెల్లగా మరల మూసికొనును. దొంగతనము తప్పని చెప్పుటకు ఇచ్చట ఎవరైన నోరు తెరచి యుండినచో ఏమయ్యెడిది? తమ్ముని ప్రేమయు, అక్క యొక్క చిన్న యాశయు, తల్లి తెలిసికొనరాని నిజమును ఒకేసారి నీట మునిగిపోయెడివి. గ్రామాభివృద్ధి పథకమును చేర్చినచో జరుగునదియు నదియే. చూపరికి పని లేకుండ పోవును.

హరిహరుడు పట్టణమునుండి తిరిగివచ్చి, చనిపోయిన కుమార్తెకై తెచ్చిన చీరను భార్యకు చూపును. ఆమె దానిని పండ్లతో పట్టుకొని యేడ్చును. ఆ యేడుపు మనకు వినబడదు. దాని స్థానమున తారషెహనాయి హెచ్చుస్వరమున పలుకును. సంగీతము రవిశంకరుడు ఒక్క రాత్రి కూర్చుండి సమకూర్చినది. మన చిత్రములలో ఏడ్పు నెంతసేపు వింటిమో తలచుకొనిన, ఆ వినబడని యేడ్పు విలువ తెలియును. కేకలే కదలిక యనుకొనుటను గూర్చి 1948లో వ్రాసిన యాక్షేపణకు పరిపూర్ణమైన ఉదాహరణపద్యమిది.

ఆతని విచారములో మా కొప్పుదల కాని దొకటి కలదు. ఆ తొలి వ్యాసము సామాన్యప్రేక్షకుని సంగతి యెత్తదు. పాటలు, పురాణకథలు లేకున్న జనము రారను మాటను వ్యాపారుల సాకుగా భావించి దాటిపోయిన ట్లున్నది. మన జనమునకు పాట సాకు కాదు, ఊపిరి. ఊయెల పాట, ఊడ్పుల పాట, అప్పగింతల పాట లేని తెలుగింటిని మే మెరుగము. ఆతని సొంత చిత్రముననే ముసలమ్మ వెన్నెలలో కూర్చుండి పాడుకొను పాత పాట వచ్చినప్పుడు గుండె కరుగును. 1969లో 'గూపీ గాయిన్ బాఘా బాయిన్' అను పిల్లల చిత్రమునకు పాటలను తానే వ్రాసి, తానే స్వరపరచెను గదా! ఈ విషయమున చేతిపని వ్యాసముకంటె ఉదారమైనదని మా యభిప్రాయము.

పేదరికమును విదేశముల యెదుట పరచుచున్నాడను నింద ఇంకొకటి. 1980లో నర్గీస్‌గారు రాజ్యసభ సభ్యురాలుగా నుండి ఈ మాట బహిరంగముగా అనిరి. చిత్రము మొదట 1955 మేలో న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాలలో చూపబడినదియు, 1956లో కాన్ ఉత్సవమున మానవజీవితమును చూపిన ఉత్తమచిత్రముగా బహుమాన మందినదియు నిజమే. కాని 1955 ఆగస్టు 26న కలకత్తాలో విడుదలైన పిదప మొదట మందముగా నడచి, తరువాత నిండుగా ఆడిన సంగతిని ఈ నింద చెప్పువారు మరచుచున్నారు. దీనిని ముందు తమదిగా గుర్తించినవారు వంగదేశపు గృహస్థులే.

వంగదేశపు ఈ గాలి మనవైపును వీచినది. మృణాల్ సేన్ 1977లో ప్రేమచందుని కథతో తెలుగున 'ఒక ఊరి కథ' తీసెను. గౌతమ్ ఘోష్ తెలంగాణపు రైతుల పోరాటమును 'మా భూమి'గా తీసెను. రెండును వంగీయులు తీసిన తెలుగు చిత్రములే యగుట మనకు కొంత గర్వమును, కొంత సిగ్గును.

నేడు ప్రతి యువకుని జేబులోను కెమెరా కలదు. మా విద్యార్థులలోనే నలుగురైదుగురు చిన్న చిత్రములు తీసి చూపుచున్నారు. నగలు తాకట్టు పెట్టనక్కర లేదు. వారి నడిగిన నూరు చిత్రముల పేర్లు చెప్పుదురు, ఏది యెందుకు చెడినదో చెప్పుదురు. చూచిన చిత్రమునకు ముందుగా తన ప్రతిని వ్రాసికొన్నవా డొక్కడును వారిలో కనబడలేదు. రెల్లు మరల పూచువరకు ఆగుదురా యని మేము అడుగలేదు.

1948నాటి వ్యాసము 1976లో వెలువడిన 'అవర్ ఫిల్మ్స్, దెయిర్ ఫిల్మ్స్' అను సంపుటమున కలదు. చిత్రపు మూలప్రతులు 1993లో లండనులో జరిగిన అగ్నిప్రమాదమున మిక్కిలి చెడిపోగా, ఇటలీలోని బొలోన్యా నిపుణులు వానిని ఓపికతో బాగుచేసిరి. 2015నుండి ఆ క్రొత్త ప్రతి చూడ దొరకుచున్నది. ఇంటిల్లిపాదియు కలిసి చూడవచ్చును. వంగభాష తెలియని వారికిని కథ బోధపడును. పదేండ్లలోపు పిల్లలు దుర్గ మరణమున బెదరుదురు. వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపుట మంచిది. ఇంట ముసలమ్మ యున్నచో ఆమెకును ముందువరుసలో పీట వేయుడు.